కరవుకు ముందటి అన్వేషణ: ‘వైల్ సూయింగ్ శాండల్స్’ సాక్ష్యం

నల్లమలలో పుట్టి కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా సాగే గుండ్లకమ్మ ఒడ్డున, ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1876-78 నాటి కరవే ఇందుకు మూలకారణమనే వివరణ అసంపూర్ణం. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ మాదిగల నోట విన్న కథనాల కూర్పు. అందులో కనిపించే తాళ్లకొండపాడు వాసి ఎర్రగుంట్ల పేరయ్య రాజయోగ గురుపరంపరలో సాధన చేసినవాడు. 1866లోనే, అనగా కరవుకు పదేళ్ల ముందే, క్రైస్తవుడైనాడు. ఆకలి కంటే ముందే అన్వేషణ ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది. కథకులు తెలుగువారు, రచయిత్రి మిషనరీ, గ్రంథభాష ఆంగ్లం. కనుక ఆమె మతదృష్టిని వేరుచేసి చదివినప్పుడే ఈ గ్రంథం మాదిగల ఆధ్యాత్మిక చరిత్రకు విలువైన మౌఖిక ఆధారమవుతుంది.