నార్వేలో డిజిటల్ రేడియో

జాతీయ స్థాయి ఎఫ్‌ఎం ప్రసారాలను నిలిపివేసిన తొలి దేశం నార్వే. 2017 జనవరి 11న నూర్లాండ్ ప్రాంతంలో మొదలైన ఈ మార్పు అదే ఏడాది డిసెంబరు 13న పూర్తయింది. ఎఫ్‌ఎం స్థానంలో డాబ్ ప్లస్ అనే డిజిటల్ రేడియో విధానం వచ్చింది.

ఈ విధానంలో సుమారు 1.5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానల్‌లో పలు స్టేషన్లు ఇముడుతాయి. ఒక ప్రాంతంలోని ట్రాన్స్‌మిటర్లు ఒకే పౌనఃపున్యంపై పనిచేస్తాయి కాబట్టి వాటి సమయం కచ్చితంగా కలవాలి. ఆలస్యంగా చేరే సంకేతాన్ని రిసీవర్ దాదాపు 246 మైక్రోసెకన్ల వరకే తట్టుకుంటుంది. ఆపైన అది అంతరాయమవుతుంది.

సంకేతం బలహీనపడితే ఎఫ్‌ఎంలో గరగర పెరుగుతుంది. డిజిటల్‌లో శబ్దం ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకే కొండలు, సొరంగాలు ఎక్కువగా ఉన్న నార్వేలో ప్రసారం అంతటా అందేలా చూడటం కష్టమైంది. పాత కార్లకు అడాప్టర్లు అవసరమయ్యాయి. స్థానిక స్టేషన్లు చాలావరకు ఎఫ్‌ఎంలోనే కొనసాగాయి.