ఫ్లాప్ శస్త్రచికిత్సలో కత్తి, కాటరీ: వేడి వెళ్లే దారి

పునర్నిర్మాణ శస్త్రచికిత్సలో కోత పరికరాలను బేరీజు వేసేటప్పుడు ఎంత రక్తం పోయింది, ఎంతసేపు పట్టింది అన్న లెక్కలే ముందుకొస్తాయి. ఒకచోట నుంచి లేపి మరోచోట అమర్చిన కణజాలం, అంటే ఫ్లాప్, బతకాలంటే, పరికరం పుట్టించిన వేడి ఎక్కడిదాకా పాకిందో ముందు చూడాలి.

స్టీలు కత్తితో ఈ బెడద లేదు, కానీ రక్తం ఆగదు. రక్తాన్ని ఆపడానికి సంధానం, స్కందనం, పాచనం, దహనం అని ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు నాలుగు ఉపాయాలు చెప్పాడు. మిగతావి ఫలించనప్పుడే కాల్చమన్నాడు. చెంప చర్మంతో ముక్కును తిరిగి కట్టే పద్ధతీ ఆయన పేరిట ఉన్న సుశ్రుత సంహితలోదే. నేటి థియేటర్లో వరస తిరగబడింది. మొదట చేతికందేది కరెంటుతో కోసి కాల్చే కాటరీయే. 1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో హార్వీ కుషింగ్, విలియం బోవీ యంత్రంతో తలమీది కణితిని తీశాక ఈ పరికరం ప్రాచుర్యంలోకి వచ్చింది.

కాటరీ పెన్సిల్ మీది పసుపు మీట నొక్కితే తక్కువ వోల్టేజీ తరంగం ఎడతెగకుండా వస్తుంది. కణాల్లోని నీరు ఒక్కసారిగా ఆవిరై కణజాలం విడిపోతుంది. నీలం మీటకు వోల్టేజీ ఎక్కువ, తరంగం తెగి తెగి వస్తుంది. చుట్టుపక్కలకు పాకే వేడీ ఎక్కువే. అయినా అలవాటుకొద్దీ కొవ్వునంతా నీలం మీటతోనే విడదీసేవారున్నారు. చర్మం అడుగున అల్లుకున్న సన్నని రక్తనాళాలకు అది మంచిది కాదు. రొమ్ము తొలగింపులో కాటరీ వాడితే రక్తస్రావం తగ్గినా గాయం కింద నీరు చేరడం, అంటే సెరోమా, పెరిగిందని 1998లో వెలువడిన ఒక యాదృచ్ఛిక పరీక్ష చూపింది. పొట్టమీది పెద్ద కోతల్లో మాత్రం చీము పట్టడంలో కత్తికీ కాటరీకీ స్పష్టమైన తేడా 2017 కాక్రన్ సమీక్షకు కనిపించలేదు. కాబట్టి పైచర్మాన్ని దేనితో కోశారన్న వాదన మీద ఇంత సిరా ఖర్చు చేయనక్కర్లేదు.

అసలు చిక్కు ఫ్లాప్ లేచాక మొదలవుతుంది. మోనోపోలార్ కరెంటు పెన్సిల్ కొన నుంచి రోగి తొడకు అంటించిన ప్లేటుకు చేరాలి. ఫ్లాప్‌ను ఒంటికి ఆనకుండా ఎత్తి పట్టుకుంటే కరెంటుకు మిగిలే దారి ఫ్లాప్‌కు రక్తం తెచ్చే తొడిమ, అంటే పెడికిల్, ఒక్కటే. వెడల్పాటి ఒంట్లోనైతే పలచగా పరుచుకునే కరెంటు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పెర్ఫొరేటర్ (ఫ్లాప్‌కు రక్తం తెచ్చే సన్నని నాళం) గుండా ఇరుక్కుని పోతూ దాన్ని వేడెక్కిస్తుంది. పూరేకు అంచున కాల్చితే తొడిమ మాడినట్టన్నమాట. ఆ నాళం లోపల రక్తం గడ్డకడితే ఫ్లాప్ చేజారుతుంది. బైపోలార్‌లో కరెంటు పట్టకారు రెండు కొనల మధ్యే తిరుగుతుంది గనుక ఆ దశలో అదే మేలు. పక్కకొమ్మలను మూలనాళానికి కాస్త ఎడంగా పట్టుకోవాలి. క్లిప్ వేయగలిగిన చోట కాల్చే పనే లేదు.

సెకనుకు సుమారు 55,500 సార్లు కంపించే అల్ట్రాసోనిక్ బ్లేడు రోగి ఒంట్లోకి కరెంటు పంపదు. ఇది పెద్ద సుగుణమే. అయితే మీట వదిలాక కూడా బ్లేడు కాసేపు వేడిగానే ఉంటుంది. తొందరలో అది నాళానికి తగిలితే నాళం కాలుతుంది.

పరిశోధన పత్రాల్లో ‘కాటరీ వాడాం’ అన్న ఒక్క మాటతో ఈ తేడాలేవీ తెలియవు. ఏ మీట, ఎన్ని వాట్లు, ఎలాంటి కొన, పెడికిల్‌కు ఎంత దూరంలో అన్నవి నమోదైతేనే రెండు పరికరాలను పక్కపక్కన పెట్టి చూడటం కుదురుతుంది.