బంద్: మాట, అర్థం, ప్రయోగం

'విజయవాడ బంద్ సంపూర్ణం' వంటి శీర్షికను మీరు పత్రికల్లో చదివే ఉంటారు. దుకాణాలు తెరవలేదు, బస్సులు డిపో దాటలేదు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఆ దుకాణం తలుపులు మూసింది ఎవరు?

ముందుగా మాటను పరిశీలిద్దాం. 'బంద్' పారసీ పదం. కట్టడం, బంధించడం దాని మూలార్థం. నీటికి అడ్డంగా వేసే కట్టను కూడా ఆ భాషలో బంద్ అంటారు. రెవెన్యూ వారి జమాబందీ, పోలీసుల బందోబస్తు ఈ మాట నుంచి వచ్చినవే. కృష్ణా డెల్టాలో ఇదే భావానికి 'కట్టు' అనే తెలుగు మాట ఉండనే ఉంది. 1855లో విజయవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట పేరులో ఉన్నది అదే. వేసవిలో కాలువలు 'కట్టేస్తారు'. ఉర్దూ ప్రభావం గల తెలంగాణలో 'ఫ్యాను బంద్ చెయ్యి' అనడం ఇంటి మాట. డెల్టాలో అది 'కట్టెయ్యి', 'ఆపెయ్యి'. కనుక ఇక్కడ బంద్ అనగానే స్ఫురించేది రాజకీయ అర్థమే.

జాతీయోద్యమ కాలంలో వినిపించిన మాట 'హర్తాళ్'. ఇది గుజరాతీ నుంచి వచ్చింది. అంగడికి తాళం అని అర్థం. రౌలట్ చట్టానికి నిరసనగా 1919 ఏప్రిల్ 6న గాంధీజీ కోరింది ఇదే. తాళం వేసేది అంగడి యజమానే. సమ్మెలో కార్మికుడు తన పనిని తానే ఆపుతాడు. బంద్‌లో మాత్రం పిలుపునిచ్చేవారు వేరు, ఆగిపోయేవారు వేరు.

1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలను సమర్థించిన తరువాత జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. దాని ముఖ్య కేంద్రాలలో విజయవాడ ఒకటి. మద్రాసు, కలకత్తా, ఢిల్లీ రైలుమార్గాలు కలిసే జంక్షన్ ఇది. ఇక్కడ బండి ఆగితే ఆ ప్రభావం జిల్లా పొలిమేర దగ్గర ఆగదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఇతరులను బలవంతంగా ఆపే బంద్ రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

పాత పత్రికలు చదివేటప్పుడు క్రియాపదాన్ని గమనించండి. 'మూశారు' వేరు, 'మూయించారు' వేరు. 'సంపూర్ణం' అన్న మాట ఆ రోజు కూలి దొరకని ముఠా కార్మికుడి గురించి ఏమీ చెప్పదు.

అభ్యాసం: మీ పట్టణంలో జరిగిన ఒక బంద్‌ను గురించి రెండు పత్రికల వార్తలు సేకరించి, వాటిలోని క్రియలను పోల్చండి.