నూనెలో నిలిచే పరిమళము

కోవూరు పెన్నానది ఉత్తరపుటొడ్డున ఉన్నది. ఆ ప్రాంతపు ఇండ్లలో ఇడ్డెనల ప్రక్కన కారప్పొడి వేసి, దాని నడుమ గుంట చేసి, నువ్వుల నూనె పోసుకొనడము పరిపాటి. మధ్యధరా సముద్రతీర ప్రజలు రొట్టెముక్కను ఆలివు నూనెలో అద్దుకొని తింటారు. ఆ నూనెలో వెల్లుల్లి, థైము అనే మొక్క ఆకులు వేయడము కలదు. థైము వాసన మన వాము వాసనను పోలి ఉంటుంది. రెండింటిలోను థైమాల్ అనే పదార్థమే ఉండడము అందుకు కారణము. ఈ రెండు వంటకములకు ఆధారమైన సూత్రము ఒక్కటే. దాని చరిత్రలో మనము మరువరాని హెచ్చరిక కూడ ఉన్నది.

ముందు మాటల సంగతి చూతము. "నూనె" అనగా నువ్వుల నెయ్యి. తమిళములోని "ఎణ్ణెయ్" పుట్టుక కూడ అట్టిదే; "ఎళ్" అనగా నువ్వు. సంస్కృతములో తిలలనుండి వచ్చినది తైలము. ఐరోపాలో నూనెకు వాడే లాటిన్ పదము "ఓలియం" ఆలివు పేరునుండి పుట్టినది. ఏ సీమలో ఏ నూనె ముందుగా వాడుకకు వచ్చినదో, ఆ గింజ పేరో, కాయ పేరో నూనెలన్నిటికీ పేరైనది. మన దేశములో నువ్వుల వాడుక ఎంత ప్రాచీనమో హరప్పా త్రవ్వకములలో దొరికిన మాడిన నువ్వులే చెబుతాయి.

ఈ రెండు నూనెలూ ఓడలెక్కి ప్రయాణము చేసినవే. క్రీ.శ. 1వ శతాబ్దములో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన "ఎరిత్రియను సముద్రపు పెరిప్లస్" అనే గ్రంథము, పశ్చిమ భారతమునుండి బియ్యము, నెయ్యి, నువ్వుల నూనె ఎగుమతి అయినట్లు తెలుపుతున్నది. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపించిన త్రవ్వకములలో మధ్యధరా ప్రాంతపు జాడీల పెంకులు దొరికినవి. వాటిలో కొన్ని ఆలివు నూనె తెచ్చినవని తరువాతి పరిశోధకులు గుర్తించినారు. నెల్లూరు సమీపముననే 1786లో ఒక రైతు నాగలి ఇటుక కట్టడమునకు తగులగా, పాత గుడి శిథిలముల క్రింద రోమను నాణెములున్న కుండ బయటపడినది.

ఇక నూనెకు పరిమళము ఎట్లు పట్టుతుంది? ఆకులలో, గింజలలో వాసననిచ్చే పదార్థములు చాలావరకు నీటిలో కరగవు. నూనెలో సులభముగా కరుగుతాయి. మిరపలోని ఘాటైన క్యాప్సైసిన్, ఎర్రని రంగు పదార్థములు అట్టివే. విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. ఒక గాజుగొట్టములో నీరు, మరియొకదానిలో నూనె పోసి, రెండింటిలోను కొంచెము మిరపపొడి వేసి కలిపి, కొంతసేపు కదపక ఉంచవలెను. పొడి అడుగున చేరిన తరువాత నూనె చక్కని ఎరుపు రంగు పొంది ఉంటుంది. తాలింపులో జరిగేది కూడ ఇదే. వేడివలన అది త్వరగా జరుగుతుంది.

నూనె మరియొక పని కూడ చేస్తుంది. తనలో మునిగిన వస్తువుకు గాలి తగులనీయదు. అందువలన బూజు పట్టదు. కాని గాలి లేనిచోటనే పెరిగే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నవి. 1895 డిసెంబరులో బెల్జియములోని ఎల్లెజెల్ గ్రామములో అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాండ్రు నిలువచేసిన పందిమాంసము తిని జబ్బుపడినారు. ముగ్గురు మరణించినారు. వాన్ ఎర్మెంజెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసమునుండి ఒక బాక్టీరియమును వేరుచేసినాడు. దానిని నేడు క్లాస్ట్రిడియం బొట్యులినం అంటారు. ఇది మట్టిలో ఉంటుంది. దీని బీజములు నీరు మరిగే 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కూడ చావవు. గాలి లేక, తేమ ఉండి, పులుపు చాలని చోట అవి మొలకెత్తి, నరములను స్తంభింపజేసే విషమును తయారుచేస్తాయి.

వెల్లుల్లి మట్టిలో పెరిగేది, తేమ గలది, పులుపు లేనిది. దానిని పచ్చిగా నూనెలో ముంచి ఉంచితే ఈ జీవికి కావలసినవన్నీ సమకూరుతాయి. 1985లో కెనడాలోని వాంకూవరులో ఒక భోజనశాలలో తిన్న 36 మంది ఈ విషమునకు గురియైనారు. నూనెలో నిలువచేసిన తరిగిన వెల్లుల్లి సీసాను చల్లని చోట ఉంచకపోవడమే మూలమని తేలినది. 1989లో న్యూయార్కు రాష్ట్రములో మరి ముగ్గురు జబ్బుపడిన పిమ్మట, అట్టి సరుకులో ఆమ్లము కలిపి తీరవలెనని అమెరికా ప్రభుత్వము నిర్ణయించినది.

మరి మన ఆవకాయలో వెల్లుల్లి సంవత్సరము పొడుగునా నూనెలోనే ఉన్నదే! అక్కడ మామిడి పులుపు, ఉప్పు కాపలా ఉన్నవి. పిహెచ్ 4.6 కంటె తక్కువగా ఉండే పులుపులో ఈ బీజములు మొలకెత్తవు. క్రీ.పూ. 2వ శతాబ్దములో రోమను రాజనీతిజ్ఞుడు కేటో తన వ్యవసాయ గ్రంథములో ఆలివుకాయల పచ్చడి చెప్పినాడు. అందులో నూనె, జీలకర్ర, సోపు, పుదీనాలతోపాటు పులిసిన ద్రాక్షసారము, అనగా వెనిగరు, ఉన్నది. రుచికొరకు కలిపినా, అది రక్షణ కూడ ఇచ్చినది. కారప్పొడి సంగతి వేరు. అందులోని దినుసులన్నీ వేగి తేమ పోయినవి. నూనె కలిపేది తినేటప్పుడే.

నేడు ఆలివు నూనె మన అంగళ్ళలోను దొరుకుతున్నది. పచ్చి వెల్లుల్లిని, పచ్చి ఆకులను నూనె సీసాలో వేసి అందముగా అలమరలో పెట్టుకొనే అలవాటు కూడ దానితో వచ్చినది. అది తగదు. అట్టి నూనెను కొద్దిగా చేసుకొని, శీతల పెట్టెలో ఉంచి, నాలుగు రోజులలోపల వాడివేయవలెను. విషము చేరినా రుచి, వాసన మారకపోవచ్చును గనుక నాలుకను నమ్ముకొనరాదు. ఉపాధ్యాయులు గాజుగొట్టముల ప్రయోగము చూపేటప్పుడు ఈ సంగతి కూడ చెప్పినయెడల విద్యార్థుల ద్వారా అది ఇంటింటికీ చేరుతుంది.