డ్రై ఐస్‌లో నమూనాల రవాణా

డ్రై ఐస్ అంటే ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ వద్ద అది కరగకుండా నేరుగా వాయువవుతుంది. దాని రవాణా నిబంధనలన్నిటికీ మూలం ఇదే. వాయువు బయటికి పోయే దారి లేకుండా బిగిస్తే పెట్టె పగిలిపోగలదు. మూసిన వాహనంలో పేరుకుంటే మనిషికి ఊపిరాడదు. నమూనాల గొట్టాలను కారని డబ్బాలో ఉంచి, డ్రై ఐస్‌ను ఆ డబ్బా చుట్టూ థర్మోకోల్ పెట్టెలో నింపాలి. ఐస్ తరిగిపోయాక డబ్బా దొర్లకుండా లోపల ఆధారం ఉండాలి. సులువుగా మరచిపోయే విషయం ఇది. విమానంలో పంపితే 9వ తరగతి ప్రమాద చిహ్నం, యూఎన్ 1845 సంఖ్య, కిలోల్లో ఐస్ నికర బరువు పెట్టె పైన ఉండాలి. ఒక్కో పెట్టెకు గరిష్ఠం 200 కిలోలు. బి కేటగిరీ రోగకారక నమూనాలకు యూఎన్ 3373 గుర్తు కూడా కావాలి. వల్లూరు, పులివెందుల వైపు నుంచి హైదరాబాదు సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలకు రోడ్డుమార్గాన పంపేవారు కడప ఎండను లెక్కలోకి తీసుకుని ఐస్ ఎక్కువ వేయాలి. డ్రైవరుకు ముందే చెప్పి, బండి అద్దం కాస్త దించి ఉంచమనాలి.