కొయ్య నమూనాతో నౌకా చరిత్ర: కోరమాండల్ దోనీ

ఈ పాఠాన్ని మీలో కొందరు అంగళ్లులోనో, మదనపల్లెలోనో, పుంగనూరు, కుప్పం పల్లెల్లోనో కూర్చుని చదువుతుంటారు. మీకు పడవ అంటే బహుశా తిరుమల పుష్కరిణిలో ఫాల్గుణ మాసపు తెప్పోత్సవం, లేదా చిన్నప్పుడు వాన నీటిలో వదిలిన కాగితం పడవ. అలాంటి మీకు నౌకా నిర్మాణ చరిత్ర దూరపు విషయంగా తోచడం సహజం. అందువల్ల ఈ పాఠాన్ని పుస్తకంలో చదవడంతో పాటు చేతితో కూడా చదవవలసిందని కోరుతున్నాను. మీరు ఒక చిన్న కొయ్య పడవను చేయాలి. వడ్రంగం తెలియకపోయినా ఫరవాలేదు.

చరిత్ర విద్యార్థికి ఈ బొమ్మ పని ఎందుకు? తెలుగు తీరపు ఓడల గురించి మనకున్న ఆధారాలు ఎటువంటివో చూస్తే కారణం బోధపడుతుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. అయితే నాణెంపై బొమ్మకు కొలతలుండవు. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయ శాసనం (1244-45) తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు స్వాధీనం చేసుకోడని వర్తకులకు హామీ ఇచ్చింది. అది సుంకాల గురించి చెబుతుంది, ఓడ అడుగు భాగం ఎలా ఉండేదో చెప్పదు. 17వ శతాబ్దంలో నరసాపురం, మాధవాయపాలెం ప్రాంతాన్ని చూసిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు అక్కడి మంచి కలపను, ఇనుప పనివారి నేర్పును మెచ్చుకున్నాడు. ఆ పనివారు మాత్రం తమ పనిని గురించి ఏమీ రాసిపెట్టలేదు. వారి లెక్కలు కంటిలోనూ చేతిలోనూ ఉండేవి, తండ్రి నుండి కొడుకుకు అందేవి. ఆ విద్యలోకి వెళ్ళడానికి మనకు మిగిలిన దారుల్లో నమూనా ఒకటి.

ఈ దారి కొత్తది కాదు. గుజరాత్‌లోని లోథాల్ తవ్వకాల్లో కాల్చిన మట్టి పడవ బొమ్మలు దొరికాయి. ఫ్రెంచి నౌకాధికారి ఫ్రాంస్వా ఎడ్మండ్ పారిస్ 1830ల నాటి తన సముద్రయానాల్లో ఆసియా పడవలను కొలిచి గీశాడు. 1871 నుండి పారిస్ నగరంలోని నౌకా మ్యూజియంను నిర్వహిస్తూ అటువంటి గీతల ఆధారంగా కొయ్య నమూనాలు చేయించాడు. ఆయన గీసిన పడవల్లో అనేకం తరువాత నీటిపై కనబడకుండా పోయాయి.

ఎడ్యె ఇచ్చిన కొలతలు

మన నమూనాకు ఆధారం 1834 నాటి ఒక వ్యాసం. ట్రింకోమలీ నౌకాశ్రయంలో ఓడల నిర్మాణాధికారిగా పనిచేసిన జాన్ ఎడ్యె కోరమాండల్, మలబారు, సింహళ తీరాల పడవలను వర్ణిస్తూ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దానిని ప్రచురించాడు. అందులో కోరమాండల్ దోనీ ఒకటి. మన ‘దోనె’ అనే మాటకు ఇది దగ్గరి చుట్టం. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, లోతు 11 అడుగులు. అడుగు బల్లపరుపు. మధ్యలో 7 అడుగుల వెడల్పుండే ఆ అడుగు రెండు కొసలకు చేరేసరికి 10 అంగుళాలకు సన్నబడుతుంది. ముందు సగం, వెనుక సగం ఒకే ఆకారం. ఒకే తెరచాప కొయ్య. ఖాళీగా ఉన్నప్పుడు 4 అడుగులు, సరుకుతో 9 అడుగులు నీటిలో మునుగుతుంది.

ఈ ఓడలను చూసి ఎడ్యె పెద్దగా సంతోషించలేదు. ఆకారం లేనివని, నడిపేవారు మోటువారని ఆయన అభిప్రాయం. పాఠ్యగ్రంథాల్లో ఈ అభిప్రాయం తరచు అలాగే దిగుమతి అవుతుంది. కొలతలు, అభిప్రాయం ఒకే మనిషి చేతివే అయినా మనం రెంటినీ ఒకేలా నమ్మనక్కరలేదు. కొలతలు తీసుకుందాం. అభిప్రాయాన్ని నమూనాతో పరీక్షిద్దాం.

నమూనా తయారీ

అసలు ఓడలోని 1 అడుగును పావు అంగుళంగా తీసుకోండి. అంటే నమూనా 48వ వంతు. పొడవు 17.5 అంగుళాలు, వెడల్పు 5, లోతు 2.75, అడుగు పలక మధ్య వెడల్పు 1.75 అంగుళాలు, కొసల వద్ద సుమారు 5 మిల్లీమీటర్లు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి దొరికితే అదృష్టమే. లేకపోతే వడ్రంగి దుకాణంలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు, పండ్ల పెట్టెల చెక్క చాలు. (మీ వైపు కొండల్లో పెరిగే ఎర్రచందనం జోలికి మాత్రం పోకండి. చరిత్ర పాఠం పోలీసు స్టేషనుకు చేరుతుంది.)

మొదట అడుగు పలకను కోసి, రెండు కొసలా నిలువు కొయ్యలు బిగించండి. తరువాత పలకపై సమాన దూరంలో అడ్డంగా తొమ్మిది పక్కటెముకలు నిలపాలి. ముందు సగం, వెనుక సగం ఒకటే కాబట్టి అట్ట మీద గీయవలసిన ఆకారాలు తొమ్మిది కావు, ఐదే. మధ్యది ఒకసారి, తక్కిన నాలుగు రెండేసిసార్లు వాడితే సరిపోతుంది. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. కాగితంపై గీత లేకుండా 70 అడుగుల ఓడ కట్టే మేస్త్రీకి ఇది ఎంత పని తగ్గించి ఉంటుంది? ఎడ్యె ఆకారలేమి అన్నదానిలో పొదుపు కూడా ఉందని మీ చేతికి తెలిసే చోటు ఇది.

పక్కల పలకలకు ఒకటిన్నర మిల్లీమీటరు మందం గల చెక్క బద్దీలు, లేదా సన్నగా చీల్చిన వెదురు బద్దలు వాడండి. వేడి నీళ్ళలో నానబెడితే వంగుతాయి. తొందరపడితే విరుగుతాయి. కింది నుండి పైకి, ఇటొకటి అటొకటి అతికించాలి. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకు వెళితే ఒడలు మెలి తిరుగుతుంది. మామూలు తెల్ల జిగురు నీటికి వదులుతుంది కనుక నీటికి నిలిచే జిగురే కొనండి. పలకల సందుల్లో నూలు దారం కూరి వార్నిష్ పూయండి. పెద్ద ఓడలకూ ఇటువంటి పనే చేసేవారు: సందుల్లో పీచు కూరడం, పైన నూనె, గుగ్గిలం పట్టించడం.

తయారైన పడవను బల్లమీద పెట్టండి. ఏ ఆధారమూ లేకుండా నిటారుగా నిలుస్తుంది. కింద పదునైన అడుగు దూలం గల ఐరోపా ఓడ నమూనాను అలా పెడితే పక్కకు ఒరుగుతుంది. ఇప్పుడు గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగిని తలచుకోండి. నది మోసుకొచ్చే ఒండ్రుతో రేవు నిత్యం మెరక వేస్తుంది. పాటు వచ్చినప్పుడు ఓడ బురదపై కూర్చోవాలి, పోటుకు మళ్ళీ తేలాలి. ఆ నీటికి ఆ అడుగు కావాలి. ట్రింకోమలీ వంటి లోతైన సహజ రేవులో పనిచేసిన అధికారికి ఆ అవసరం అంతగా కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తరువాత పడవను తొట్టిలో వదిలి, మునక 1 అంగుళం వచ్చేదాకా ఇసుక వేయండి. అది ఖాళీ ఓడ. అక్కడి నుండి 2.25 అంగుళాలు మునిగేదాకా వేసిన ఇసుకను విడిగా తూచండి. నీటి మట్టం వద్ద పడవ వైశాల్యాన్ని దీర్ఘచతురస్రంలో 70 శాతంగా తీసుకుంటే అది కిలోంబావు దాకా రావాలి. పొడవు, వెడల్పు, లోతు మూడూ 48 రెట్లు కనుక బరువు 1,10,592 రెట్లు. అంటే అసలు దోనీ సరుకు దాదాపు 138 టన్నులు. ఇది పత్రాల్లో దొరికిన అంకె కాదు, మన అంచనా. మీ తూకం వేరుగా వస్తే పక్కటెముకల ఆకారాన్ని బట్టి కారణం వెతకండి. మదనపల్లె మార్కెట్టు నుండి వెళ్ళే టమాటా లారీ 10 టన్నులు మోస్తుందనుకుంటే, ఒక్క దోనీలో దాదాపు 14 లారీల సరుకు. ఇంజను లేదు, ఉన్నది ఒక్క తెరచాప కొయ్య.

నమూనాకు హద్దులూ ఉన్నాయి. గాలినీ అలనూ 48వ వంతుకు కుదించలేం. కాబట్టి తుపానులో ఓడ ఎలా ప్రవర్తించేదో తొట్టి చెప్పదు. 1789లోనూ, 1839 నవంబరులోనూ కోరంగిని ఉప్పెనలు ముంచెత్తాయి. ఈ తుపానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టనే తరువాత ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించాడు. 1839లో 20,000 ఓడలు, 3 లక్షల మంది పోయారని చాలా చోట్ల రాసి ఉంటుంది. ఒక్క రేవులో 20,000 ఓడలు నిలిచేవా? మీ నమూనా కొలతతో లెక్కవేయండి. 70 అడుగుల ఓడలను కొసకు కొస చేర్చి నిలిపితే ఆ వరస 400 కిలోమీటర్లు దాటుతుంది. అందులో చిన్న తెప్పలనూ కలిపారనుకున్నా ఆ అంకెను అనుమానించవలసిందే.

కోరంగి క్షీణించాక వర్తకం కాకినాడకు మళ్ళింది. ఆవిరి ఓడలు, రైళ్ళు మిగిలిన పని పూర్తిచేశాయి. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలవడంలో మాత్రం ఆ రేవు పేరు చాలాకాలం బతికింది.

అభ్యాసం

దోనీ నావికులు అక్షాంశం తెలుసుకునే పద్ధతిని కూడా ఎడ్యె వర్ణించాడు. చిన్న చతురస్రపు పలక, దాని మధ్య నుండి ముడులు వేసిన దారం. పలక పై అంచు ధ్రువ నక్షత్రాన్ని, కింది అంచు దిగంతాన్ని తాకేలా పట్టుకుని, దారాన్ని ముక్కు కొసకు లాగితే, తగిలిన ముడి ఆ చోటి అక్షాంశం. మీరు 12 సెంటీమీటర్ల పలక కోసుకోండి. మద్రాసు (సుమారు 13.1 డిగ్రీలు) ముడి పలకకు 52 సెంటీమీటర్ల దూరంలో, కోరంగి (సుమారు 16.8 డిగ్రీలు) ముడి దాదాపు 41 సెంటీమీటర్ల దూరంలో వస్తాయి. మదనపల్లె అక్షాంశం మద్రాసుకు దగ్గరే కనుక, మిద్దె మీద నిలబడి చూస్తే మీ ముక్కుకు మద్రాసు ముడి తగలాలి. హార్స్‌లీ కొండల వంటివి దిగంతాన్ని కప్పే చోట ఎంత తేడా వచ్చింది? ఆ తేడా ఏ వైపుకు వచ్చింది, ఎందుకు వచ్చింది? 15 వాక్యాలకు మించకుండా రాసి, నమూనాతో పాటు సంపర్క తరగతికి తీసుకురండి.