పేరు చెప్పి వాయించిన పాట

పరభాషల నడుమ తరతరములుగా నివసించుచున్న మనకు, పెద్దల సొత్తును క్రొత్తగా ఎట్లు వాడుకొనవలెనన్నది నిత్యమైన ప్రశ్న. ఈ ఉగాదినాడు ఇంగ్లండులోని ఒక రాక్ బృందము చరిత్రను అందులకే చెప్పదలచితిమి.

1970లో కీత్ ఎమర్సన్, గ్రెగ్ లేక్, కార్ల్ పామర్ అను ముగ్గురు కూడి తమ పేర్లతోనే బృందము నెలకొల్పిరి. ఎమర్సన్ ఆర్గను, పియానో, సింథసైజరు వాయించును. లేక్ పాడుచు బేస్ గిటారు మీటును. పామర్ డ్రమ్ములు మ్రోగించును. ఆ యేటనే వెలువడిన తొలి రికార్డులో హంగరీవాడైన బార్టోక్, చెక్ దేశీయుడైన యానాచెక్ కృతులను వాడుకొనిరి. కాని మొదటి ముద్రణలో ఆ మహనీయుల పేర్లు లేవు, తరువాతనే చేర్చిరి.

1971లో న్యూకాసిల్ నగరమందిరమున, రష్యను విద్వాంసుడు ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు రచించిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ను ఆ పేరుతోనే వాయించిరి. 1973లో అర్జెంటీనా సంగీతకర్త హినాస్తెరా కృతిని మార్చి వాయింపదలచి, ఎమర్సన్ స్వయముగా జినీవాకు పోయి ఆయనకే వినిపించెను. ఆయన మెచ్చి అనుమతించెను.

1977లో పెద్ద వాద్యబృందముతో యాత్ర సాగించి, ఖర్చు భరింపలేక నడుమనే దానిని మానుకొనిరి. 1979లో విడిపోయి, 1990లలో మరల కూడిరి. 2016లో ఎమర్సన్, లేక్ ఇరువురును కన్నుమూసిరి.

మన వాగ్గేయకారులు కృతిలోనే తమ ముద్ర నుంచిపోయిరి. మన పిల్లలు త్యాగరాజ కృతిని గిటారుపై వాయించిన సంతోషమే. అది ఎవరిదో చెప్పుట మాత్రము నేర్పుదము.